జామాయిల్ తోటకు పర్యావరణ అనుమతి కావాలా? దమ్మపేట 60 ఎకరాల ప్రశ్నకు నా సమాధానం

ముందు ప్రశ్న క్లుప్తంగా: "మేం ముగ్గురు అన్నదమ్ములం. దమ్మపేట వైపు 60 ఎకరాలు ఒకే బిట్టుగా ఉంది. 45 ఎకరాల్లో మొన్నటిదాకా పత్తి, మొక్కజొన్న వేశాం. మిగతా 15 ఎకరాలు గుట్ట వాలు, అన్నీ తుప్పలు, ఊరి మేకలు మేస్తుంటాయి. మొత్తం జామాయిల్ వేద్దామనుకుంటున్నాం. కింద చెరువు ఉంది. తోట వేస్తే చెరువు ఎండిపోతుందని ఊళ్లో కొందరు గొడవ చేస్తున్నారు. మా బావ స్కాట్లండ్‌లో ఉంటాడు. అక్కడైతే ఇంత తోటకు ఎన్విరాన్‌మెంట్ అసెస్‌మెంట్ తప్పదట. మనకూ అలాంటిది ఉందా? ఊరివాళ్లకు ఏం చెప్పాలి?"

45 ఎకరాలకు అక్కర్లేదు. 15 ఎకరాల సంగతి వేరు, దానికి తొందరపడకండి. ఎందుకో వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్లాంటేషన్ల పనిలో ఉన్నాను. నర్సరీలో సంచుల్లో మట్టి నింపించడం దగ్గర్నుంచి కోత లెక్కల దాకా అన్నీ చేశాను. జామాయిల్‌కు నేను వ్యతిరేకిని కాదు, దాని మీదే బతికాను. అయితే వేయకూడని చోట వేయించి తల పట్టుకున్న రోజులూ ఉన్నాయి.

పర్యావరణ అనుమతుల విషయంలో మన దేశంలో ఆధారం 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషన్. ఏయే పనులకు ముందస్తు అనుమతి కావాలో దాని షెడ్యూల్‌లో ఉంది. గనులు, డ్యాములు, థర్మల్ కేంద్రాలు, సిమెంటు, హైవేలు, పెద్ద భవనాలు అన్నీ ఉన్నాయి. కర్ర నుంచి గుజ్జు తీసే పేపరు మిల్లు కూడా ఉంది. ఆ మిల్లుకు కర్ర ఇచ్చే తోట మాత్రం లేదు. 60 ఎకరాలైనా 600 ఎకరాలైనా అంతే. పట్టా సాగు భూమిలో చెట్లు వేయడానికి ఈ నోటిఫికేషన్ కింద రిపోర్టు గానీ ప్రజాభిప్రాయ సేకరణ గానీ అక్కర్లేదు.

మన చట్టాలు చెట్టును నరికేటప్పుడు పట్టించుకుంటాయి, నాటేటప్పుడు పట్టించుకోవు. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం చూడండి. అందులో చెట్టు కొట్టడానికి అనుమతి, బోరు వేయడానికి అనుమతి ఉన్నాయి. కర్ర రోడ్డెక్కితే అటవీ శాఖ రవాణా నిబంధనలు వస్తాయి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి రైతు కర్రకు వాటిలోనూ మినహాయింపులు ఉన్నాయి. నాటడం అంటే మనకు పుణ్యకార్యమే. అశోకుడు బాటకు ఇరువైపులా చెట్లు నాటించెను అని చదువుకున్న వాళ్లం కదా, ఏ చెట్టు, ఎక్కడ, అంతకుముందు అక్కడ ఏముంది అని అడిగే అలవాటు లేదు. హుద్‌హుద్ తరువాత వైజాగ్‌లో పచ్చదనం కోసం విరివిగా పెట్టిన ఏడాకుల చెట్లు పూతకొచ్చే రోజుల్లో ఆ ఘాటు వాసన గురించి అక్కడివాళ్లను అడగండి, చెప్తారు.

మీ బావగారు చెప్పింది చాలావరకు నిజమే, చిన్న సవరణ ఉంది. స్కాట్లండ్‌లో 2017 నిబంధనల ప్రకారం సున్నితమైన ప్రాంతాలు కాని చోట హద్దు 20 హెక్టార్లు. మీ 60 ఎకరాలు 24 హెక్టార్లు, కాబట్టి హద్దు దాటినట్టే. దాటగానే పెద్ద రిపోర్టు రాయాల్సిన పని లేదు. ముందు స్క్రీనింగ్ ఉంటుంది, అంటే ఈ తోట వల్ల చెప్పుకోదగ్గ నష్టం ఉంటుందా అని అటవీ సంస్థ పరిశీలిస్తుంది. ఉంటుందనిపిస్తేనే పూర్తి అసెస్‌మెంట్.

వాళ్లకు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1980ల్లో స్కాట్లండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీ అనే విశాలమైన పీట్ నేలల్లో, అంటే వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్న చిత్తడి నేలల్లో, స్ప్రూస్, పైన్ చెట్లు విపరీతంగా నాటారు. కారణం కర్ర మీద ప్రేమ కాదు, పన్ను రాయితీ. బాగా సంపాదించేవాళ్లు పన్ను తగ్గించుకోవడానికి అక్కడ తోటల్లో డబ్బు పెట్టారు. కాలువలు తవ్వి నీళ్లు తోడేసి నాటితే ఆ నేల ఎండి పాడైంది, అక్కడ గూళ్లు పెట్టే పక్షులకు చోటు పోయింది. గొడవ ముదిరి 1988 బడ్జెట్‌లో ఆ రాయితీ ఎత్తేశారు. ఇప్పుడు ఖర్చు పెట్టి మరీ ఆ చెట్లు కొట్టి, కాలువలు పూడ్చి, పాత చిత్తడిని తిరిగి తెస్తున్నారు. 2024లో ఆ ప్రాంతానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. పీట్ 50 సెంటీమీటర్ల కన్నా లోతుంటే కొత్త తోట వేయకూడదనేది ఇప్పుడు అక్కడి ప్రమాణం.

అయితే మీకు స్కాట్లండ్ కన్నా దక్షిణాఫ్రికా దగ్గరి పోలిక, ఎందుకంటే మీ ఊళ్లో గొడవ నీళ్ల గురించి. అక్కడ 1930ల నుంచే వాగుల మీద కొలతలు పెట్టి, పైన తోట వేస్తే కింద ప్రవాహం ఎంత తగ్గుతుందో లెక్కలు తీశారు. ఆ లెక్కల బలంతోనే 1972లో తోటలకు పర్మిట్ పద్ధతి తెచ్చారు. 1998 జల చట్టంలో వాణిజ్య తోటల పెంపకాన్ని ప్రవాహాన్ని తగ్గించే పని అని పేరు పెట్టి, నీటి లైసెన్సు కిందికి తెచ్చారు. రైతు మోటారు పెట్టి నది నుంచి నీళ్లు తోడినా, చెట్టు తన వేరుతో తోడినా కింద ఊరికి తగ్గేది నీళ్లే కదా అన్నది వాళ్ల తర్కం. నాకు ఇది చాలా సూటిగా అనిపిస్తుంది. మన దగ్గర బోరుకు అనుమతి కావాలి గానీ ఎకరానికి 660 చెట్ల వేళ్లకు అక్కర్లేదు!

ఇక మీ చెరువు. జామాయిల్ నీళ్లన్నీ తాగేస్తుందని ఒకరు, అదంతా పుకారని ఇంకొకరు అంటారు. ఇద్దరూ సగం సగం కరెక్టే. కర్ణాటకలో 1980ల చివరి నుంచి బ్రిటన్, కర్ణాటక శాస్త్రవేత్తలు కలిసి కొలతలు తీశారు. సుమారు 3 మీటర్ల లోతు మట్టి ఉన్న చోట జామాయిల్ వాడిన నీరు అక్కడి సహజ అడవి వాడిన నీటి కన్నా ఎక్కువేం లేదు, పడిన వానకు లోబడే ఉంది. కానీ రాగి లాంటి వానాకాలపు పంటతో పోలిస్తే దాదాపు రెట్టింపు. బెంగళూరు దగ్గర హోస్కోటెలో మట్టి 8 మీటర్ల కన్నా లోతు. అక్కడ మూడేళ్లలో పడిన వాన కన్నా చెట్లు వాడిన నీరే ఎక్కువ తేలింది. వానను మించి ఎక్కడిది? వేళ్లు ఏటా ఇంకా కిందికి దిగుతూ, మట్టిలో ఏళ్ల తరబడి దాచుకున్న తేమను పైకి లాగేశాయి.

కాబట్టి అసలు ప్రశ్న జామాయిల్ మంచిదా చెడ్డదా అని కాదు. మీ మట్టి ఎంత లోతు? ఇది తెలుసుకోవడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. మీ పొలంలో, పక్క పొలాల్లో బోర్లు వేసినప్పుడు కేసింగ్ ఎన్ని అడుగులు దిగిందో అడగండి. గట్టి రాయి తగిలే దాకానే కేసింగ్ వేస్తారు. 10, 12 అడుగుల్లో రాయి తగిలితే వేళ్లకు దాచుకున్న నీరు దొరికేది తక్కువ. 40, 50 అడుగులు దిగిందంటే పైనంతా మెత్తటి నేల, అక్కడ జామాయిల్ బ్రహ్మాండంగా పెరుగుతుంది, బావులను కూడా అంత బ్రహ్మాండంగా ఎండగడుతుంది. పాత దిగుడు బావి ఉంటే ఇంకా మంచిది, గోడ చూస్తే మట్టి ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

పిలక పంట సంగతి కూడా చెప్పాలి. నీలగిరి కొండల్లో గడ్డి నేలల మీద నీలగిరి చెట్లు (ఇవీ జామాయిల్ జాతివే) వేసి కొలిచినప్పుడు, మొదటి పంటలో వాగు నీరు 16 శాతం తగ్గింది. కొట్టాక మోడు నుంచి వచ్చిన పిలకల పంటలో 25 శాతం తగ్గింది. వేళ్లు అప్పటికే లోతున ఉన్నాయి, పైన కొత్త ఆకు వస్తోంది, తాగక ఏం చేస్తుంది? మనవాళ్లు మొదటి నాలుగేళ్లు చూసి "ఏం కాలేదు కదా" అంటారు. తేడా బయటపడేది రెండో కోతకు ముందు.

మీ భూమికి అన్వయించి లెక్క వేద్దాం. ఊహకే చెప్తున్నాను: పత్తి కన్నా తోట ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన ఎక్కువ వాడుకుందనుకోండి. 24 హెక్టార్ల మీద అది 4.8 కోట్ల లీటర్లు. పెద్ద చెరువుకు అది లెక్కలోకి రాదు. చిన్న కుంటకు, అందులోనూ మీ పొలం నుంచి వచ్చే ఒర్రెలే దానికి ఆధారమైతే, ప్రాణం పోయినట్టే. అంచేత చెరువు పరీవాహకం మొత్తం ఎంత, అందులో మీ 60 ఎకరాలు ఎంత వంతు అన్నది చూడండి. వందో వంతు అయితే ఊరివాళ్లకు ధైర్యంగా చెప్పండి. మూడో వంతు అయితే వాళ్ల భయం న్యాయమైనదే.

నా సొంత అనుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట ఒక ఆసామికి కుంట పైభాగాన లోతైన ఎర్ర నేలలో తోట వేయమని నేనే చెప్పాను. మొదటి కోత అద్భుతంగా వచ్చింది. పిలక పంట మూడో ఏడు కింద రైతు దిగుడు బావి ఎండింది. ఆ రెండేళ్లు వానలూ సరిగా లేవు, కాబట్టి తోట వల్ల ఎంత, కరువు వల్ల ఎంత అని ఎవరూ తేల్చలేకపోయారు. తేల్చలేకపోవడమే అసలు తప్పు. నాటే ముందు ఆ బావిలో నీళ్లు ఎన్ని గజాల్లో ఉండేవో ఎవరమూ కొలవలేదు. చివరికి ఒర్రె పక్కన రెండు వరసల మోడులు జేసీబీతో పీకించి, ఆ రైతుతో సర్దుకున్నాం. అప్పటి నుంచి నేను ఏ తోట ఒప్పుకున్నా ముందు తాడుకు రాయి కట్టి చుట్టుపక్కల బావుల్లోకి దింపుతాను. వానలకు ముందొకసారి, దసరా తరువాత ఇంకోసారి. తేదీ వేసి, కింద రైతు ఎదురుగా నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టిస్తాను. మీ అసెస్‌మెంట్ రిపోర్టు అదే అనుకోండి.

ఇప్పుడు ఆ 15 ఎకరాలు. తుప్పలున్న నేలంటే మనకు లోకువ. రికార్డుల్లో బంజరు అని రాసేస్తాం. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, అడవి అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకోవాలి, భూమి ఎవరి పేరు మీద ఉందన్నది ముఖ్యం కాదు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి ఈ పరిధి తగ్గించబోయారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, పాత అర్థమే పాటించమంది. కంచ గచ్చిబౌలి గొడవ గుర్తుందిగా? 2025 ఏప్రిల్‌లో అక్కడ చెట్ల నరికివేత ఆపేయమన్నది ఆ నేల రికార్డుల్లో రిజర్వు ఫారెస్టు అని కాదు, అక్కడ నిజంగా చెట్లూ జీవాలూ ఉన్నాయని. మీది పట్టా అయినా, గుట్ట మీద తునికి, ఇప్ప, బిల్లుడు లాంటివి సహజంగా పెరిగి గుబురుగా ఉంటే, జేసీబీ దింపే ముందు అటవీ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. మాట మీద వద్దు. ఆ అధికారి రేపు బదిలీ అవుతాడు, కాగితం అవ్వదు.

పైగా ఆ అటవీ చట్టంలోనే ఒక ముక్క చాలామంది గమనించరు. అడవిలో సహజంగా పెరిగిన చెట్లు కొట్టి, మళ్లీ చెట్లే నాటుతామన్నా ముందుగా కేంద్రం అనుమతి ఉండాలి. 1988 సవరణలో చేర్చారు. అదే ఏడాది వచ్చిన జాతీయ అటవీ విధానం కూడా సహజ అడవులను పరిశ్రమల తోటలకు ఇవ్వకూడదనీ, కర్ర కావాలంటే రైతుల దగ్గర పెంచుకోవాలనీ చెప్పింది. ఖమ్మం వైపు రైతుల పొలాల్లో భద్రాచలం క్లోన్లు (ఒకే మేలైన చెట్టు నుంచి తీసిన జామాయిల్ మొక్కలు) ఇంతగా పాకడం వెనక ఆ ఆలోచన కూడా ఉంది. సాగు భూమిలో తోట వేస్తే అడవి మీద భారం తగ్గుతుంది. తుప్పల అడవి కొట్టి తోట వేస్తే ఆ లెక్క తలకిందులవుతుంది.

తుప్పల్లో ఏముంటుంది అంటారా? కలివి కోడి అన్న పక్షి పేరు వినే ఉంటారు. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లా ముళ్లపొదల నేలల్లోనే. దానికి దట్టమైన అడవి అక్కర్లేదు, పొదలు, మధ్యలో ఖాళీ నేల కావాలి. మనం పచ్చదనం అనుకుని వరసలు నాటితే దానికి ఇల్లు పోయినట్టు. మీ గుట్ట మీద కలివి కోడి ఉండదు లెండి. కానీ నెమళ్లు, కుందేళ్లు, కంజులు, పాములు, తేనెపట్లు, ఊరి మేకల మేత అన్నీ ఉంటాయి. మేకల వాళ్ల గొడవ చెరువు గొడవ కన్నా ముందే మొదలవుతుంది చూడండి.

ఇంకో లెక్క కూడా ఉంది, డబ్బుది. పెద్ద మిల్లులు ఇప్పుడు ఎఫ్‌ఎస్‌సీ (అడవికి నష్టం లేకుండా పెంచిన కర్ర అని తెలిపే) సర్టిఫికెట్ ఉన్న కర్ర కోసం రైతు గ్రూపులను చేర్చుకుంటున్నాయి. 2020 డిసెంబరు 31 తరువాత సహజ అడవిని తోటగా మార్చిన నేల ఆ సర్టిఫికెట్‌కు పనికిరాదు. యూరప్‌కు వెళ్లే సరుకు విషయంలో అక్కడి అడవుల నరికివేత చట్టానికీ అదే తేదీ. మన చట్టం అడగని ప్రశ్నను రేపు కొనేవాడు శాటిలైట్ ఫొటో పెట్టి అడుగుతాడు. 15 ఎకరాల కోసం 45 ఎకరాల కర్రకు మచ్చ తెచ్చుకోవడం నాకైతే లాభసాటిగా కనిపించడం లేదు. ఆ గుట్టను అలాగే వదిలేయండి. వాలు నేలలో మొదటి రెండేళ్లు వరసల మధ్య దున్నితే మట్టి కూడా నిలవదు, అంతా చెరువులోకే వస్తుంది.

దమ్మపేట వైపు అన్నారు కాబట్టి ఇది అడగక తప్పదు. మీ గ్రామం షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట, ఉందా? ఉంటే 1959 భూబదలాయింపు నిబంధనలు, 1970 సవరణ వర్తిస్తాయి. అక్కడ గిరిజనేతరుల పేరుకు భూమి మారడం చెల్లదు, కౌలు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. 60 ఎకరాల్లో కొంత కౌలుకో, సాదా కాగితం మీద కొన్నదో అయితే తోట కన్నా ముందు అది తేల్చుకోండి. పత్తి వేసినప్పుడు ఎవరూ పట్టించుకోని లోపం పన్నెండేళ్ల చెట్టు వేస్తే బయటికొస్తుంది. గుట్ట పైభాగం రిజర్వు ఫారెస్టును ఆనుకుని ఉంటే హద్దు రాళ్లు చూసుకోండి, అక్కడ ఎవరికైనా పోడు పట్టాల దరఖాస్తులు ఉన్నాయేమో కనుక్కోండి. హక్కులు తేలకుండా గుంతలు తీస్తే ఎక్కడిదాకా వెళ్తుందో 2019 జూన్‌లో కుమ్రంభీం జిల్లా కొత్తసార్సాలలో చూశాం. మొక్కలు నాటడానికి వెళ్లిన అటవీ సిబ్బంది మీద దాడి జరిగింది. కిన్నెరసాని అభయారణ్యం చుట్టుపక్కల ఎవరైనా ఇది చదువుతుంటే, సున్నిత మండల (అభయారణ్యం చుట్టూ ఆంక్షలు ఉండే ప్రాంతం) నోటిఫికేషన్ కూడా తిరగేయండి. అలాంటి నోటిఫికేషన్లలో బయటి జాతుల మొక్కలు నియంత్రణలో ఉండే పనుల జాబితాలో కనిపిస్తుంటాయి.

ఊరివాళ్లకు ఏం చెప్పాలన్నారు. "చట్టం ప్రకారం మాకు అనుమతి అక్కర్లేదు" అన్న మాటతో మాత్రం మొదలుపెట్టకండి. అది నిజమే, కానీ ఆ మాటతో సగం గొడవ మీరే తెచ్చుకుంటారు. 1983లో కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో రైతులు నర్సరీలోకి వెళ్లి నీలగిరి మొక్కలు పీకేశారు, 2017కు వచ్చేసరికి అక్కడి ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. మీరు పంచాయతీలో కూర్చుని మూడు మాటలివ్వండి చాలు. ఒర్రెలకు రెండు వైపులా 30 మీటర్లు, చెరువు శిఖం అంచు నుంచి ఇంకాస్త ఎక్కువ దూరం వదిలేస్తాం. పక్క రైతు గట్టు నుంచి 10 మీటర్లు వదిలి, మీటరు లోతు కందకం తీస్తాం. బావుల కొలతలు ఏటా అందరి ముందు రాస్తాం, మూడేళ్లలో తేడా కనిపిస్తే చెరువు వైపు వరసలు పిలకకు వదలకుండా మోడులతో సహా తీసేస్తాం. దీనివల్ల మీకు నాలుగైదు ఎకరాలు పోతాయి. ఈ దూరాలు ఏ జీవోలోనూ లేవు, నా అనుభవం మీద చెప్తున్నవి. కందకం రెండేళ్లకోసారి పూడిక తీయకపోతే వేళ్లు దాటేస్తాయి, అది మర్చిపోవద్దు.

45 ఎకరాలూ ఒకే క్లోను వేయకండి. 2000 తరువాత గాల్ కందిరీగ వచ్చి ఆకు ఈనెలు, కాడలు బుడిపెలు కట్టినప్పుడు ఒకే క్లోను వేసినవాళ్లు ఎలా దెబ్బతిన్నారో నేను చూశాను. మూడు నాలుగు క్లోన్లు బ్లాకులుగా వేయండి. మూడు కోతల తరువాత మోడులు పీకించే ఖర్చు ఇప్పుడే పక్కన రాసి పెట్టుకోండి. లాభం లెక్కల్లో దాన్ని ఎవరూ వేయరు.

మీరు ఇంకా నర్సరీకి అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి. చుట్టుపక్కల నాలుగైదు బోర్ల కేసింగ్ ఎన్ని అడుగులో, చెరువుకు మీ పొలం ఏ వైపో, 15 ఎకరాల గుట్ట ఫొటోలు రెండు మూడు ఇక్కడ పెట్టండి. కేసింగ్ 20 అడుగుల లోపు అయితే ఈ వానాకాలమే వేసుకోవచ్చని చెప్తాను. 40 దాటితే చెరువు వైపు సగంలో వేరే ఏదైనా ఆలోచిద్దాం.